దెబ్బకు ముందు ఒక్క ప్రశ్న

జుమా రోజు మన మస్జిదుల్లో చివరి సఫ్‌లో నిలబడే ఒక పిల్లవాణ్ణి మనమందరం చూసే ఉంటాం. ఖుత్బా మొదలై రెండు నిమిషాలు గడవకముందే వాడి వేళ్ళు చాప పోగులు పీకుతుంటాయి. పక్కవాడి టోపీ లాగుతాడు. పైన తిరిగే ఫ్యానును చూస్తూ ఉండిపోతాడు. లేచి వెళ్ళి నీళ్ళు తాగి వస్తాడు, కాసేపటికి మళ్ళీ వెళతాడు. సజ్దాలో అందరికంటే ముందే తల ఎత్తుతాడు. సలాం తిప్పగానే వెనక నుంచి ఒక పెద్దాయన చెయ్యి వచ్చి వాడి చెవి మెలిపెడుతుంది. "ఎవడి కొడుకురా నువ్వు?" అన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. జగ్గయ్యపేటలోనైనా, నందిగామలోనైనా, ఆ రెంటి మధ్య ఉన్న ఏ పల్లెలోనైనా ఇది కొత్త దృశ్యం కాదు.

ముందు సఫ్‌లో ఉన్న తండ్రి వెనక్కి తిరిగి చూసి తల దించుకుంటాడు. ఇంటికి వెళ్ళాక ఆ సిగ్గు కోపంగా మారుతుంది. ఆ కోపం ముందు పిల్లవాడి వీపు మీద, తర్వాత తల్లి మీద పడుతుంది. "నీ గారాబం వల్లే వీడిలా తయారయ్యాడు" అన్న మాటతో ఆ రోజు ముగుస్తుంది.

ఈ వారం మేము ఆ పిల్లవాడి గురించి, ఆ ఇంటి గురించి మాట్లాడదలచుకున్నాం.

బడిలోనూ వాడి కథ ఇంతే. పలక పోగొట్టుకున్నాడు, పెన్ను పోగొట్టుకున్నాడు, టిఫిన్ డబ్బా ఎక్కడో మరిచాడు. లెక్క తెలుసు, కానీ సగం చేసి వదిలేశాడు. అడగకముందే జవాబు చెబుతాడు, అడిగినప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. ఇంకొక పిల్లవాడు నిలకడగానే కూర్చుంటాడు, నోటితో అడిగితే చక్కగా చెబుతాడు, పుస్తకం తెరిచి చదవమంటే మాత్రం ఒళ్ళంతా చెమట పడుతుంది. అయిదో తరగతికి వచ్చినా గుణింతం తప్పుతాడు. ఒకే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాస్తాడు. ఇక ఆడపిల్ల సంగతి వేరు. ఆమె అల్లరి చెయ్యదు. మౌనంగా వెనక బెంచీలో కూర్చుని ఏదో లోకంలో ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు కనుక ఎవరూ పట్టించుకోరు.

వీళ్ళకు మనం పెట్టే పేర్లు మనకు తెలుసు. మొద్దు, సోమరి, షైతాన్, పాగల్. పేరు పెట్టిన కొన్నేళ్ళకు తీర్పు కూడా ఇచ్చేస్తాం. పదకొండు పన్నెండేళ్ళు రాగానే మగపిల్లవాడు హైవే పక్క మెకానిక్ షెడ్డుకో, హోటలుకో, లారీ క్లీనరుగానో వెళతాడు. లేదా "అక్కడైతే దారికొస్తాడు" అని ఎక్కడో దూరాన ఉన్న మదర్సాలో చేర్చి వస్తాం. ఆడపిల్ల వంటింటికి, ఆపైన పెళ్ళికి. విచారణ లేకుండానే శిక్ష పడిపోతుంది.

మేము చెప్పదలచింది ఒక్కటే. ఆ తీర్పు ఇచ్చేముందు, ఆ దెబ్బ వేసేముందు, "వీడు చెయ్యనంటున్నాడా, చెయ్యలేకపోతున్నాడా?" అని ఒక్కసారి అడగండి. ఈ రెంటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది.

వయసుకు తగినంతగా ధ్యాస నిలపలేకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆలోచన కంటే ముందే చెయ్యి కదలడం – ఇవి ఏళ్ళ తరబడి, ఇంట్లోనూ బడిలోనూ కూడా కనిపిస్తూ, పిల్లవాడి చదువునూ స్నేహాలనూ దెబ్బతీస్తుంటే వైద్యులు దాన్ని ఎ.డి.హెచ్.డి. అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే అవధాన లోపంతో కూడిన అతి చురుకుదనం. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశీలనలను కలిపి చూస్తే పిల్లల్లో నూటికి సుమారు 5 మందిలో ఇది ఉంటుందని అంచనా. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఒకరో ఇద్దరో. తెలివి సరిపడా ఉండి, చూపూ వినికిడీ బాగానే ఉండి, బడికి సక్రమంగా వెళుతూ కూడా అక్షరాలు పట్టుబడకపోతే అది డిస్‌లెక్సియా కావచ్చు. రాతలో అయితే డిస్‌గ్రాఫియా అనీ, లెక్కల్లో అయితే డిస్‌కాల్క్యులియా అనీ అంటారు. ఇవి ఒకే పిల్లవాడిలో రెండు మూడు కలిసి కూడా ఉండవచ్చు.

ఇది నిన్నమొన్న డాక్టర్లు కనిపెట్టిన కొత్త జబ్బని కొందరు అనుకుంటారు. వాస్తవం అది కాదు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్ల వైద్యుడు పద్నాలుగేళ్ళ కుర్రవాడి గురించి రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు చేస్తాడు, కానీ చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితోనే చెబితే బడిలో వీడిని మించినవాడు ఉండడని వాడి గురువే అన్నాడట. 1902లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండన్‌లో ఉపన్యాసాలిస్తూ, తెలివి ఉండి కూడా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి వివరించాడు. ఆ పిల్లలు అప్పుడూ ఉన్నారు, అంతకుముందూ ఉన్నారు. మన తాతల కాలంలోనూ ఉన్నారు. పొలం, పశువులు, చేతిపని ఉన్న రోజుల్లో వాళ్ళ లోటు అంతగా బయటపడలేదు. పదో తరగతి సర్టిఫికెట్ లేనిదే అడుగు ముందుకు పడని ఈ రోజుల్లో ఆ లోటే బతుకును శాసిస్తున్నది.

కారణం ఎవరు? తల్లి గారాబమా, తండ్రి గద్దింపు చాలకపోవడమా? రెండూ కాదు. కవల పిల్లల మీద జరిగిన పరిశీలనలు ఎ.డి.హెచ్.డి.లో వంశపారంపర్యం పాలే ఎక్కువని చూపాయి. ఎత్తు, రంగు వచ్చినట్టే ఇదీ వస్తుంది. కొడుకును చితకబాదే తండ్రి ఒక్క నిమిషం ఆగి, తన చిన్నతనంలో దాదీ తన గురించి ఏమనేదో గుర్తు చేసుకుంటే మంచిది. చాలా ఇళ్ళల్లో జవాబు అక్కడే దొరుకుతుంది. కాబట్టి కోడలిని నిందించే అత్తగార్లకు మా విన్నపం – అమ్మా, ఆ తల్లి ఇప్పటికే రాత్రిళ్ళు ఏడుస్తున్నది. ఆమె మీద ఇంకొక నింద మోపకండి.

మన ఇళ్ళకే ఉన్న ఒక ప్రత్యేక భారం

ఇక్కడ మన కుటుంబాలు తప్పక ఆలోచించాల్సిన విషయం మరొకటి ఉంది. మన పిల్లవాడు ఎన్ని లిపులు మోస్తున్నాడో ఎప్పుడైనా లెక్కపెట్టామా? పొద్దున్నే మక్తబ్‌లో అరబీ. తొమ్మిదింటికి బడిలో తెలుగు, ఇంగ్లీషు, తర్వాత హిందీ. కొన్ని ఇళ్ళల్లో ఉర్దూ కూడా. అరబీ, ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మిగతావి ఎడమ నుంచి కుడికి. ఉర్దూలో బే, పే, తే, సే – నాలుగింటిదీ ఒకే గిన్నె ఆకారం, తేడా అంతా చుక్కల్లోనే. జీమ్, చే, హే, ఖే కూడా అంతే. పైగా ఒకే అక్షరం మాట మొదట ఒక రూపంలో, మధ్యలో ఒక రూపంలో, చివర ఇంకొక రూపంలో ఉంటుంది. తెలుగుకు వస్తే ప, ష, స, వ దగ్గర దగ్గరగా ఉంటాయి. ద, ధ, థ ల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ఆపైన గుణింతాలు, కింద వత్తులు.

మామూలు పిల్లవాడు ఇవన్నీ మోస్తాడు. మోసి లాభపడతాడు కూడా. నాలుగు భాషలు రావడం వరమే తప్ప శాపం కాదు, భాషలు ఎక్కువైనందువల్ల ఎవరికీ డిస్‌లెక్సియా రాదు. అయితే అక్షరంతోనే పేచీ ఉన్న పిల్లవాడికి ఒక్క లిపి దగ్గరే కాలు జారుతుంది. వాడికి ఒకేసారి నాలుగు లిపులంటే నాలుగు చోట్లా ఓటమే, నాలుగు చోట్లా దెబ్బలే. బడిలో సారు కొట్టారు, మక్తబ్‌లో హజ్రత్ కొట్టారు, ట్యూషన్‌లో కొట్టారు, ఇంటికొస్తే అబ్బా కొట్టారు. ఒకే ఒక్క కారణానికి ఒకే రోజు నాలుగు శిక్షలు.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడిని నేరుగా తెలుగు లేక ఇంగ్లీషు మీడియంలో వేస్తే మొదటి ఒకటి రెండేళ్ళు వెనకబడటం సహజం. అది లోపం కాదు, భాష మారిన తడబాటు. నూర్‌బాషా కుటుంబాల వంటి చోట్ల ఇంట్లో తెలుగే కనుక అక్కడి లెక్క వేరు. కాబట్టి పిల్లవాడిని ఎవరికి చూపించినా ముందుగా చెప్పాల్సిన మాట, "మా ఇంట్లో మాట్లాడేది ఫలానా భాష" అన్నది. అన్ని భాషల్లోనూ ఒకే రకం తడబాటు ఉందా, కొత్త భాషలోనే ఉందా అన్నదాన్ని బట్టే పరీక్షించేవారు ఒక అభిప్రాయానికి రాగలుగుతారు.

ఇంకో హెచ్చరిక. చదువు రాని ప్రతి పిల్లవాడికీ ఈ పేర్లు తగిలించమని మేము చెప్పడం లేదు. ముందు కళ్ళు చూపించండి. బోర్డు కనపడక రాయలేని పిల్లలు మన బడుల్లో ఎందరో ఉన్నారు. చెవులు చూపించండి. చీము కారే చెవితో ఏళ్ళు నెట్టుకొచ్చే పిల్లలున్నారు. రక్తహీనత ఉందేమో చూడండి. రాత్రి పన్నెండింటిదాకా ఫోను చూసే పిల్లవాడికి పొద్దున ధ్యాస నిలవదు. ఇంట్లో తాగుడు, తగాదాలు ఉన్నా నిలవదు. ఇవేవీ కాదని తేలాకే అసలు ప్రశ్న వస్తుంది.

దెబ్బ ఏం చేస్తుంది?

"మేమంతా దెబ్బలు తినే కదా చదువుకున్నాం" అనే మాట మన పెద్దల నోట తరచూ వింటాం. దెబ్బలు తిని చదువుకున్నవారు ఇవాళ మాట్లాడుతున్నారు. దెబ్బలు తిని చదువు మానేసినవారు మాట్లాడే చోటే మనకు లేదు. వాళ్ళు ఏ షెడ్డులోనో, ఏ లారీ మీదో ఉన్నారు. కుంటివాడిని కొట్టి పరుగెత్తించలేం. కళ్ళజోడు కావలసినవాడిని కొట్టి చూపు తెప్పించలేం. ధ్యాస సంగతీ అంతే. కొట్టినప్పుడు పిల్లవాడు కాసేపు కదలకుండా ఉంటాడు నిజమే. కానీ అది భయం, ధ్యాస కాదు. భయపడిన బుర్రకు పాఠం ఎక్కదు. కాలక్రమంలో వాడు నేర్చుకునేది ఒక్కటే, "నేను పనికిరానివాణ్ణి" అని. అబద్ధాలు, బడి ఎగవేత, ఇంటినుంచి పారిపోవడం – వీటికి చాలాసార్లు ఆ పాఠమే పునాది.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రధానంగా మతవిద్య బోధించే మదర్సాలను, వేద పాఠశాలలను 2012 సవరణతో ఆ చట్టం పరిధి నుంచి మినహాయించారు. అయితే చట్టం మినహాయించినంత మాత్రాన బెత్తం ధర్మబద్ధం అయిపోదు. పదేళ్ళపాటు దైవప్రవక్త (స) ఇంట సేవ చేసిన అనస్ బిన్ మాలిక్ (రజి) చిన్న పిల్లవాడిగానే అక్కడికి వచ్చారు. ఆ పదేళ్ళలో తనను ఒక్కనాడూ కసురుకోలేదని ఆయనే చెప్పుకున్నారు. పిల్లలు పనులు మరిచిపోతారని, దారిలో ఆటల్లో పడిపోతారని ఆ ఇంటికి తెలుసు. మన హజ్రత్‌లకు ఇంతకంటే మేము చెప్పవలసింది లేదు.

నిజానికి ఈ పిల్లలకు దారి చూపగల బలం మన విద్యా సంప్రదాయంలోనే ఉంది. మన చదువు చెవితో మొదలైంది. గురువు పలకడం, శిష్యుడు విని అప్పజెప్పడం దాని పద్ధతి. పేజీ మీద అక్షరం తడబడే పిల్లవాడు చెవితో విని సూరాలు చక్కగా నేర్చుకోగలడు. వాడిని చదవమని కొట్టడం మాని, వినిపించి చెప్పించి చూడండి. కుదురులేని పిల్లవాడిని వెనక కాకుండా ముందు కూర్చోబెట్టండి. అరగంట పాఠాన్ని మూడు పది నిమిషాలుగా విడదీయండి. మధ్యలో చాపలు పరిచే పనో, రెహల్లు సర్దే పనో అప్పగించండి. కదలకుండా ఉండలేనివాడికి కదిలే పని ఇవ్వడం శిక్ష కాదు, సాయం. బడిలో ఉపాధ్యాయులు కూడా ప్రశ్నను ఒకసారి నోటితో చదివి వినిపించడం, బోర్డు మీదిదంతా ఎక్కించమని పట్టుబట్టకపోవడం, సైన్సు జవాబులో అక్షరదోషానికి మార్కు కోయకపోవడం వంటి చిన్న పనులు చేస్తే చాలు. వీటికి ఖర్చు లేదు.

ఎక్కడికి వెళ్ళాలి?

మన ప్రాంతపు కుటుంబాల అసలు ప్రశ్న ఇదే. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన మన రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ నుంచి ఎన్‌టిఆర్ జిల్లాలో ఉన్నాయి. జిల్లా కేంద్రం విజయవాడ. నందిగామ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి 75 పైచిలుకు. సిమెంటు ఫ్యాక్టరీలో రోజుకూలీకో, మిరప కోతలకో వెళ్ళే ఇంటికి విజయవాడ వెళ్ళిరావడమంటే ఒక రోజు కూలి పోవడం, పైన బస్సు చార్జీలు. ఒక్కసారి వెళితే తేలే పని కూడా కాదు. అందుకే చాలామంది తావీజు కట్టించి ఊరుకుంటారు. దువా చెయ్యడం మంచిదే. కానీ దువాతో పాటు దవా కూడా వెతకమన్నారు మన పెద్దలు.

మొదటి మెట్టు మన బడే. 2013లో మొదలైన జాతీయ బాల ఆరోగ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ బడులకూ వచ్చి 18 ఏళ్ళలోపు పిల్లలను పరీక్షించాలి. వారు చూడాల్సిన ఆరోగ్య సమస్యల జాబితాలో నేర్చుకోవడంలో ఇబ్బంది, ఎ.డి.హెచ్.డి. రెండూ ఉన్నాయి. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియదు. బృందం వచ్చిన రోజు పళ్ళు, కళ్ళు చూపించి పంపేస్తారు. "మా వాడికి చదవడం రావడం లేదు, కుదురు లేదు, చూడండి" అని ఆ రోజు మీరే నోరు తెరిచి అడగాలి.

రెండో మెట్టు మండలంలోని భవిత కేంద్రం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో ఇందుకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉంటారు. మూడోది విజయవాడలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ అక్కడ ఉన్నాయి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళితే పిచ్చి అని ముద్ర పడుతుందని భయపడకండి. పంటి నొప్పికి పళ్ళ డాక్టరు ఎంతో, ధ్యాస తప్పితే ఆయన అంతే. హైదరాబాదు వైపు బంధువులున్నవారు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థను కూడా సంప్రదించవచ్చు. 1984లో మొదలైన ఆ సంస్థ ప్రధానంగా బుద్ధిమాంద్యం గల పిల్లల కోసమే అయినా, పిల్లవాడి ఇబ్బంది ఏ కోవలోనిదో తేల్చుకోవడానికి దారి చూపగలదు. ఇక కదలలేని ఇల్లాలికి ఫోను ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నెంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

సర్టిఫికెట్ విషయంలో ఒక చిక్కు ఉంది. తెలుసుకుని వెళితే నిరాశ తప్పుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిస్‌లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు అందులో ఉన్నాయి. ఎ.డి.హెచ్.డి. మాత్రం విడిగా ఆ జాబితాలో లేదు. దానితోపాటు చదువులో వైకల్యం కూడా ఉంటేనే ఆ దారిన సర్టిఫికెట్ దొరుకుతుంది. చదువు సమస్యకు పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడానికి పిల్లవాడికి ఎనిమిదేళ్ళు నిండాలన్నది 2018 మార్గదర్శకాల్లోని నిబంధన. సదరం అంటే కాలూ చెయ్యీ చూసే శిబిరమని మాత్రమే అనుకోకండి. సచివాలయంలో ఈ మాట అడిగి తేదీ తీసుకోండి. సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు ఉన్నాయి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018 ఆగస్టులో కేంద్రం నిర్దేశించింది. ఇది భిక్ష కాదు, హక్కు. పదో తరగతి ఒక్క ఊపులో దాటలేనివారికి 1991 నుంచి నడుస్తున్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. అక్కడ సబ్జెక్టులను విడతలుగా పూర్తిచేసుకోవచ్చు. బడి మానేసినంత మాత్రాన చదువు ముగిసినట్టు కాదు.

మందుల మాట కూడా చెప్పాలి. డిస్‌లెక్సియాకు మందు లేదు. ఓపికగా, వేరే పద్ధతిలో నేర్పడమే మందు. ఎ.డి.హెచ్.డి.కి మిథైల్‌ఫెనిడేట్, ఆటోమోక్సెటిన్ వంటి మందులున్నాయి. అవి జబ్బును తుడిచివేయవు, ధ్యాస నిలపడానికి తోడ్పడతాయి. కొందరిలో ఆకలి, నిద్ర తగ్గుతాయి. కాబట్టి నిపుణుడైన వైద్యుడు చూసి రాస్తేనే వాడాలి, మధ్యలో సొంతంగా మానకూడదు. ఆరేళ్ళలోపు పిల్లలకు ముందు మందు కాదు, తల్లిదండ్రులకు నేర్పే శిక్షణే ముఖ్యం. రంజాన్ నెలలో నిద్ర వేళలు, భోజన వేళలు మారిపోతాయి కనుక మందు వాడే పిల్లలు ఉపవాసం ఉండాలా వద్దా, మందు ఏ వేళకు వెయ్యాలి అన్నది ముందే డాక్టరును అడగండి. ఇంట్లో చెయ్యగలిగినవి కూడా తక్కువేమీ లేవు. రోజూ ఒకే వేళకు నిద్ర, ఒకే వేళకు చదువు. ఒకసారికి ఒకే పని చెప్పడం. దూరం నుంచి అరవకుండా దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి చెప్పడం. తప్పు పది సార్లు చూసినా, మంచి ఒక్కసారి చేసినప్పుడు వెంటనే మెచ్చుకోవడం. ఎదురుదెబ్బలు తిన్న పిల్లవాడికి ఆ ఒక్క మెప్పు నెల రోజుల తిండితో సమానం.

మహల్లా చెయ్యగలిగింది

2006లో సచార్ కమిటీ దేశంలోని ముస్లిం పిల్లల గురించి చెప్పిన ఒక లెక్క ఇప్పటికీ మనను కలవరపెడుతుంది. 6–14 ఏళ్ళ పిల్లల్లో నాలుగోవంతు మంది బడి గడప తొక్కనివారో, మధ్యలో మానేసినవారో ఉన్నారన్నది ఆ లెక్క. పేదరికం అందులో ప్రధాన కారణం, సందేహం లేదు. కానీ ఆ మానేసినవారిలో ఎందరు చదవాలని ఉండీ చదవలేక మానేశారో ఎవరు లెక్కపెట్టారు? 2007 నుంచి మన రాష్ట్రంలో బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ సీటు కోసం మనం సభలు పెడతాం, వినతిపత్రాలు ఇస్తాం. ఆ సీటు దాకా నడిచి వెళ్ళాల్సిన పిల్లవాడు అయిదో తరగతిలోనే రాలిపోతుంటే చూస్తూ ఊరుకుంటాం. ఇది శోచనీయం కాదా?

జగ్గయ్యపేట, నందిగామ మస్జిద్ కమిటీల పెద్దలకు మేము మూడు పనులు సూచిస్తున్నాం. ఒకటి, మక్తబ్‌కు వచ్చే పిల్లల్లో బాగా వెనకబడినవారి పేర్లు హజ్రత్ గారు విడిగా, గుట్టుగా రాసి ఉంచాలి. తిట్టడానికి కాదు, తల్లిదండ్రులను పిలిచి మాట్లాడటానికి. రెండు, విజయవాడ వెళ్ళిరావడానికి ఆ ఇంటికి అయ్యే బస్సు చార్జీ, పోయే కూలి కమిటీ భరించాలి. అర్హులైన బీదలకు జకాత్ నుంచే ఇవ్వవచ్చు, మిగతావారికి సదఖా నిధి ఉంది. ఇఫ్తార్ విందుల్లో ఒక్క పూట తగ్గించుకుంటే ఎన్ని ఇళ్ళ ప్రయాణాలు సాగుతాయో లెక్క వేసి చూడండి. మూడు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఈ పిల్లల తల్లులకు నెలకొక రోజు చోటు చూపించాలి. తన ఇంట్లోనే ఇలా ఉందని కుమిలిపోయే తల్లికి, పక్క వీధిలో మరొక తల్లి ఉందని తెలియడమే సగం చికిత్స.

2007లో వచ్చిన "తారే జమీన్ పర్" సినిమా చూసి మనలో చాలామంది కళ్ళు తుడుచుకున్నాం. తెర మీది పిల్లవాడి కోసం ఏడ్చినవాళ్ళమే మన చివరి సఫ్‌లోని పిల్లవాడి చెవి మెలిపెడుతున్నాం. వాడికి ఏ సినిమా మాస్టారూ రాడు. వాడికి మనమే దిక్కు.

వచ్చే జుమాకు వాడు మళ్ళీ వస్తాడు. మళ్ళీ చాప పోగులు పీకుతాడు, మళ్ళీ ముందే తల ఎత్తుతాడు. ఈసారి వెనక నుంచి వచ్చే చెయ్యి చెవి మీదికి కాక భుజం మీదికి రావాలని మా కోరిక. "ఎవడి కొడుకురా?" అన్న ప్రశ్నకు బదులు "నీకు ఏది కష్టంగా ఉంది బాబూ?" అన్న ప్రశ్న రావాలి. ఆ ప్రశ్న అడిగే మొదటి పెద్దాయన ఈ పాఠకుల్లోనే ఉండాలని, ఆ పిల్లల బతుకుల్లో వెలుగు నింపే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించాలని వేడుకుంటున్నాం. ఆమీన్.